తారంబూరు

గేటు రాయి మీద థార్న్‌బరీ అని ఉంటుంది.
మా జేజి నోట అది తారంబూరు.
బెంగళూరికి తూర్పున, హొసకోటె దారిలో
పద్నాలుగు ఇళ్ళు, నడుమ గుండ్రటి పచ్చిక,
దాని తలాపున దొర మేడ.
మేడకి ఏడు పొగగొట్టాలు.
ఏడింటికీ సరిపడా చలి
ఇక్కడి ఏ పుష్యమాసమూ తేలేదు.

అపార్ట్‌మెంట్ కంపెనీ వాళ్ళు అడిగారు నన్ను:
ఈ చోటు చరిత్ర, రెండు పేజీలు,
బ్రోషర్ వెనక అట్టకి.
పేజీకి నాలుగు వేలు.

ముందు చర్చి రిజిస్టరు తెరిచాను.
కట్టించింది క్రౌథర్ దొర,
రైలు పట్టాల కింద దుంగలు అమ్మి గడించినవాడు.
సీమలో తన వాళ్ళ పల్లెకి నకలు కావాలన్నాడు,
మేడతో సహా.
ఆ పల్లెలో వాళ్ళ తాత మేడలో ఉండలేదు,
మేడవాళ్ళ గుర్రాలు తోమాడు.
ఈ ముక్క రిజిస్టర్లో లేదు.
తొమ్మిదో నంబరు ఇంట్లో డల్సీ రెబేరో మిస్సు
ద్రాక్షసారా వంచుతూ చెప్పింది.
"నకలైనా కుదర్లేదు పాపం.
అక్కడి రాయి తేనె రంగట,
మీ రాయేమో మబ్బు రంగు."

మీ రాయి.
తెలిసే అందో, నోరు జారిందో.

మేం వడ్డెరలం.
మా ముత్తాత ఓబులప్ప రాత్రంతా
బండ మీద కట్టెల మంటని జానెడు జానెడు జరుపుకుంటూ
దాని వెనకే పాకేవాడట.
తెల్లారి సమ్మెటతో తట్టి చెవి ఆనించేవాడు.
ఖంగుమంటే ఇంకా పట్టుకునుంది.
డొల్లుమంటే విడిచింది.
విడిచిన పొరని ఉలితో గీసి
రొట్టె తుంచినట్టు తుంచేవాళ్ళు.
చెక్కిన రాయికి అణా. చిట్లితే ఎదురు బాకీ.

జేజి చెప్పే చరిత్రలో దొర రాడు.
వాకిలి కమాను దగ్గర గంగులు వేలు పోయింది,
తూర్పు మూల రాయి నెలలు నిండిన తిప్పక్క మోసింది,
మూడో పొగగొట్టం కరువు ఏట లేచింది,
ఆ ఏడంతా కూలి రాగులే,
అందులోనూ సగం ఉమక.
మిగిలిన పొగగొట్టాల సంగతి అడిగితే
"నాకేం తెలుసే, నేను పుట్టందే" అని కసిరేది.

మేడ ఎంత పైకి లేచిందో
గుంత అంత కిందికి దిగింది.
మేడకి పేరు పెట్టారు.
గుంతకి నీళ్ళు ఊరాయి.
మేం ఈత నేర్చింది అందులోనే.
మొదటి మెట్టు దాకా మునిగితే దొర భోజనాల గది,
రెండోది పడక గది,
చెవులు పగిలే లోతున అటక.
అడుగు ముట్టి పిడికెడు బురద తెచ్చినవాడు
పొగగొట్టం కొస ముట్టినట్టు లెక్క.
నేను అటక దాకానే వెళ్ళాను.
పైకొచ్చి అబద్ధమాడాను.

పోయిన వైశాఖంలో మేడ కూల్చారు.
మంచి రాళ్ళకి సుద్దముక్కతో నంబర్లేసి
దేవనహళ్ళి రిసార్టుకి అమ్మారు.
పగిలినవీ, సున్నం పెళ్ళలూ, మసి ఇటుకలూ
టిప్పర్లలో తెచ్చి గుంతలో పోశారు.
నిండలేదు.
రెండు నిలువుల లోతు ఇంకా మిగిలింది.
మెట్రో తవ్విన మట్టి తెచ్చి సమం చేశారు.
డల్సీ మిస్సు సారా జాడీలతో
కాక్స్‌టౌన్‌లో చెల్లెలింటికి మారింది.

నేను రాసిచ్చిన రెండు పేజీల్లో
క్రౌథర్ ఉన్న పేరా ఒక్కటి ఉంచుకున్నారు,
గుర్రాలు తీసేసి.
నాలుగు వేలు వచ్చాయి. వద్దనలేదు.

గేటు రాయి మాత్రం అక్కడే ఉంది,
ఇరవై రెండంతస్తుల ముందు,
అక్షరాలకి కొత్తగా బంగారు రంగు.
నిన్న అటు పోతూ స్కూటర్ ఆపి
తాళంచెవితో దాన్ని తట్టాను,
చెవి ఆనించాను.

"ఎవరు కావాలి మేడం?" సెక్యూరిటీ లేచి వచ్చాడు.
ఆగు, వింటున్నా అన్నాను.